కౌంటు

షెడ్డులో గంటకోసారి బెల్లు కొడతారు.
కత్తులు కింద పెట్టి లైనులో నిలబడతాం.
తెల్ల టోపీ, మోకాళ్ల దాకా బూట్లు,
మోచేతుల దాకా నురగ.
సూపర్‌వైజరు దయామణి ఇరవై లెక్కపెడుతుంది.
పద్దెనిమిదికే చేతులు తీస్తే
"ఆయ్, మళ్లీ మొదట్నించి" అంటుంది.
తర్వాత క్లోరిను తొట్టిలో ముంచాలి.
గోళ్లు చూస్తారు. గాజులు తీయించేస్తారు.
దగ్గినదాన్ని ఇంటికి పంపేస్తారు.

ఇదంతా రొయ్య కోసం.
ముప్పై కౌంటు రొయ్య.
అది ఓడెక్కి వెళ్లి
ముక్కూ మొహం తెలియని వాళ్ల పళ్లెంలో పడాలి,
వాళ్ల కడుపులో చిన్న నొప్పి కూడా రాకూడదు.
నాకేం కోపం లేదు.
ఎవరి కడుపైనా కడుపే.

మా వీధి యనమదుర్రు గట్టు మీద.
వీధి అంటాం గానీ, రెండు వరసల రేకులు,
మధ్యలో సైకిలు పట్టేంత సందు.
కొళాయి తెల్లారుజామున నాలుగూ నలభైకి వస్తుంది.
ఇరవై అయిదు నిమిషాలు.
మొదట గాలి దగ్గుతుంది,
తర్వాత టీ రంగు,
ఆ తర్వాతే నీళ్లు.
టీ రంగు పోయేదాకా ఆగితే
మూడో బిందె దొరకదు.
అందుకని ఎవరూ ఆగరు.
పైపు మురుక్కాలవలోంచే వస్తుందని అందరికీ తెలుసు.
పగిలిన జాయింటుకి సైకిలు ట్యూబు చుట్టింది
మా ఆయనే.

ఎటు చూసినా నీళ్లే ఇక్కడ,
చెరువులు, బోదెలు, కాలవలు,
ఆనకట్ట తలుపులెత్తితే
సముద్రం దాకా ఉరికే గోదారి.
మా నీలం డ్రమ్ములో మాత్రం
నిన్నటివి, మొన్నటివి.
పిల్లలు స్టూలెక్కి, భుజం దాకా వంగి
గ్లాసుతో పాటు చెయ్యీ ముంచుతారు.
ఆ చెయ్యి అంతకుముందు ఎక్కడుందో
డ్రమ్ము అడగదు.

శ్రావణంలో మా బుల్లోడికి పట్టుకుంది.
షెడ్డులో ట్రేలు లెక్కపెట్టి వచ్చి
ఇంట్లో వాడి గుడ్డలు లెక్కపెట్టాను.
ఏడు. తొమ్మిది. పదకొండోది
బియ్యం కడిగిన నీళ్లలా.
కళ్లు లోపలికి పోయాయి.
పొట్ట మీద చర్మం పట్టి వదిలితే
మడత అలాగే నిలబడింది
ఇస్త్రీ చేసినట్టు.
నీళ్లు పట్టకు, పట్టేకొద్దీ పోతాయి అంది మా అత్త.
ఆశా నూకరత్నం చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి
ప్యాకెట్టు పళ్లతో చింపింది.
"నీళ్లు కాచావా?"
గ్యాసైపోయి నాలుగు రోజులైంది.
పక్కింటి మంగతాయారు ఉడుకుతున్న పులుసు దించేసి
ఆ పొయ్యి మీద మాకు గిన్నె పెట్టింది.
దింపాక ఆ గిన్నెకి విసనకర్రతో విసిరాం,
పెళ్లికొడుక్కి విసిరినట్టు.
చెంచా. ఆగు. చెంచా.
కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా.
తెల్లారేసరికి ఒంటికి పోశాడు.
పక్క తడిసిందని ఏడ్చిన తల్లుల్లో
నేను మొదటిదాన్ని కాదంది నూకరత్నం.

రెండ్రోజులు పోయాక షెడ్డులో బెల్లు కొట్టారు.
నురగలో నా చేతులు చూసుకున్నాను.
రొయ్యకి ఇరవై. వాడికెంత?
ఇంట్లో ఉన్నది బట్టల సబ్బు,
అరిగి అరిగి చింతగింజంత.
దయామణి పంతొమ్మిది దాకా వచ్చి ఆగింది.
"మీవాడు ఎలా ఉన్నాడు?"
"లేచి కూర్చున్నాడండి."
తల ఊపింది. ఇరవై అనడం మర్చిపోయింది.
మేమంతా చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాం.
ఆమెకి ఒకప్పుడు ఓ ఆడపిల్ల ఉండేదట,
బస్సులో ఎవరో చెప్పారు.

ఆదివారం మా ఆయన
కొబ్బరి చిప్పకి రెండు బెజ్జాలు పెట్టి
వెదురు కాడ దిగ్గొట్టాడు.
డ్రమ్ముకి మూత, మూత మీద రాయి,
చిప్ప మేకుకి.
ఇప్పుడు ఎవరైనా చెయ్యి ముంచితే
నాకంటే ముందు మా అత్త కసురుతుంది.
బుల్లోడు మగ్గు కింద చేతులు రుద్దుకుంటూ
"ఆయ్, మళ్లీ మొదట్నించి" అంటాడు.
వాడికి ఏడు దాకానే వచ్చు.
ఏడు తర్వాత ఇరవై.

కొళాయి ఇంకా దగ్గుతూనే వస్తోంది.
ట్యూబు చుట్టిన చోట బుడగలు.
మున్సిపాలిటీలో కాగితం ఇస్తే
స్టాంపు వేసి ఉంచుకున్నారు.
ఈలోగా నేను
టీ రంగు పోయేదాకా పారబోస్తున్నాను.
వెనక నిలబడ్డవాళ్లు తిడుతున్నారు.
మూడో బిందె నాకు దొరకదు.